పాత కంప్యూటర్‌కి ముసలితనం ఎక్కడ మొదలవుతుంది?

పాత కంప్యూటర్ ఏదైనా చేతికి దొరికితే, ముందుగా చేయకూడని పని ఒకటుంది పిల్లలూ. ప్లగ్గు పెట్టి స్విచ్ వేయకూడదు. ముప్ఫై నలభై ఏళ్లు ఏ స్టోర్ రూములోనో పడి ఉన్న యంత్రానికి ఒక్కసారిగా 230 వోల్టులు చూపిస్తే, బాగయ్యే భాగాలు కూడా కాలిపోవచ్చు. ముందు మూత విప్పాలి, దుమ్ము దులపాలి, కళ్లతో చూడాలి, మీటర్‌తో కొలవాలి. కరెంటు వంతు ఆ తర్వాతే.

మా బోధన్ వైపు పెద్దలకి ఈ పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు. మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీళ్లు కాలువల్లో పారాక ఈ నేలంతా చెరకు తోటలైంది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. గానుగ ఆడేది చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా. తర్వాతదంతా ఆఫ్ సీజన్. బయటివాళ్లకి అది ఖాళీ కాలం అనిపించేది గానీ, ఫిట్టర్లకి అసలు పని అప్పుడే. రోలర్లు దించి గాళ్లు ఎంత అరిగాయో చూసేవాళ్లు. బేరింగులు విప్పేవాళ్లు. బాయిలర్ ట్యూబులు తోమి, నీళ్లతో ఒత్తిడి పరీక్ష చేసి, ఇన్‌స్పెక్టర్ సరే అన్నాకే మళ్లీ ఆవిరి ఎక్కించేవాళ్లు. ఏ భాగం ముందు అరుగుతుందో, ఏది తరతరాలు నిలుస్తుందో వాళ్లకి బాగా తెలుసు. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ, ఆ ఫిట్టర్ల పద్ధతి మాత్రం నా బల్ల మీద ప్రతి పాత కంప్యూటర్‌కీ పనికొస్తోంది. వాళ్లు వేసిన ప్రశ్నే నేనూ వేస్తాను: ఇందులో ముందు ముసలిదయ్యేది ఏది?

నిజామాబాద్‌లో మా ఇంటి వెనక గదిలో ఇప్పుడు బల్ల మీదున్నది బీబీసీ మైక్రో. పేరు చూసి రేడియో అనుకునేరు, ఇది కంప్యూటరే. బ్రిటన్‌లో జనానికి కంప్యూటర్లు నేర్పించాలని బీబీసీ ఒక టీవీ కార్యక్రమం తలపెట్టి, దానికి తోడుగా ఒక యంత్రం కావాలంది. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్, వాళ్ల తోటివాళ్లు కలిసి దాన్ని తయారుచేశారు. 1981 చివర్లో అమ్మకానికి వచ్చింది. మన దేశం బడిపిల్లలకి కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984లో ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది కూడా దీన్నే. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వయసున్న మీ మేనమామల్లోనో, బాబాయిల్లోనో కొందరు మొదటిసారి మీట నొక్కింది దీని మీదే కావచ్చు. అడిగి చూడండి.

దీని జ్ఞాపకం 32 కిలోబైట్లు. అంటే 32,768 బైట్లు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ తెలుగు వ్యాసం మొత్తం దాంట్లో పట్టదు. ఎందుకంటే నేటి పద్ధతిలో తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. అంత చిన్నది. కానీ ఆ చిన్నతనమే నాకు దీని మీద ప్రేమ కలగడానికి కారణం. లోపలున్న 6502 ప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు నాలుగైదు వేలకి మించి ఉండవు. కొందరు ఔత్సాహికులు ఆ చిప్ మూత కరిగించి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి, ప్రతి ట్రాన్సిస్టర్‌నీ లెక్కకి తెచ్చి, అది ఎలా పనిచేస్తుందో తెర మీద చూపించారు. మీ జేబులోని ఫోన్ చిప్‌లో ట్రాన్సిస్టర్లు వందల కోట్లు. దాన్ని పూర్తిగా తెలుసుకున్న మనిషి ఎవరూ ఉండరు. ఈ బీబీసీ మైక్రోని మాత్రం మీరు ఓపికగా కూర్చుంటే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెలుసుకోగలరు. సర్క్యూట్ పటం బల్ల మీద పరిస్తే ప్రతి తీగా ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో వేలితో చూపించవచ్చు.

సరే, ముసలితనం సంగతికి వద్దాం.

సిలికాన్ చిప్పులు అంత తొందరగా ముసలివి కావు. వాటి లోపల ద్రవం లేదు, కదిలే భాగం లేదు, గాలి తగలదు. ముసలివయ్యేవి వేరే ఉన్నాయి. తడి ఉన్నవి, కాగితం ఉన్నవి, గాలి తగిలే లోహం, ఎండ తగిలే ప్లాస్టిక్. ఒక్క మాటలో చెప్పాలంటే, రసాయన చర్య ఎక్కడ జరగగలదో అక్కడే వయసు పైబడుతుంది. అందుకే ముందు చూడాల్సింది పవర్ సప్లై.

అందులో సరిగ్గా కరెంటు తీగ లోపలికి వచ్చే చోట, తేనెరంగులో అద్దంలా మెరిసే చిన్న బిళ్లలు ఒకటి రెండు ఉంటాయి. కరెంటు లైనులోని గరగరని వడకట్టే కెపాసిటర్లవి. లోహపు పూత పూసిన కాగితాన్ని చుట్ట చుట్టి, పైన రెసిన్ పోసి గట్టిపరుస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రెసిన్ సన్నగా బీటలు తీస్తుంది. మన శ్రావణ భాద్రపదాల్లో గాలిలో ఉన్న తేమ ఆ బీటల్లోంచి కాగితానికి చేరుతుంది. తడి కాగితం మీద 230 వోల్టులు పడితే ఏమవుతుంది? వేడెక్కి, ఉబ్బి, పగిలి, గది నిండా ఘాటైన పొగ. భూతద్దం పట్టి చూస్తే ఆ బీటలు కనిపిస్తాయి. కనిపించినా, కనిపించకపోయినా వాటిని తీసేసి, ప్లాస్టిక్ ఫిల్మ్‌తో చేసిన కొత్తవి వేయాలి. ఎక్స్2 తరగతివే కావాలని దుకాణంలో అడిగి తీసుకోండి. ఆ తరగతివి పాడైనా మంట అంటుకోకుండా ఉండేలా తయారుచేస్తారు.

తర్వాతవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, నిలువుగా నిలబడి ఉండే చిన్న డబ్బాలు. లోపల అల్యూమినియం రేకు ఉంటుంది. దాని మీద కంటికి కనిపించనంత పలచటి ఆక్సైడ్ పొర, పక్కనే ద్రవంలో తడిపిన కాగితం. విద్యుత్తును ఆపి నిలబెట్టేది ఆ పలచటి పొరే. అడుగున ఉన్న రబ్బరు బిరడా గుండా ఆ ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. దీనికొక లెక్కుంది, గుర్తు పెట్టుకోండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. డబ్బా మీద 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని ఉందనుకోండి. అదే 65 డిగ్రీల దగ్గర వాడితే నాలుగు సార్లు రెట్టింపై 32,000 గంటలు వస్తుంది. తిప్పి చూడండి. 25 డిగ్రీల చల్లటి ఊళ్లో ఉన్న యంత్రంతో పోలిస్తే, మే నెలలో 45 దగ్గర ఆడే మన నిజామాబాద్ రేకుల షెడ్డులో ఉన్నదాని ఆయుష్షు నాలుగో వంతు. పాత యంత్రాలని అటక మీదా, రేకుల కిందా పెట్టొద్దని నేను పోరేది అందుకే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పవర్ సప్లై మూత పెద్దవాళ్లు లేకుండా విప్పకండి. 230 వోల్టుల కరెంటుని డీసీగా మార్చినప్పుడు లోపలి పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు పీకాక కూడా అవి కొంతసేపు అక్కడే ఉంటాయి. నేను రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే వేలు పెడతాను. తొందర ఉన్న రోజున ఆ పని అసలు ముట్టుకోను.

మొదటిసారి కరెంటు చూపించేటప్పుడు మన రేడియో మెకానిక్‌లు తరతరాలుగా వాడుతున్న సాధనం ఒకటుంది. సీరీస్ బల్బు. యంత్రానికి వెళ్లే కరెంటు దారిలో వరుసగా ఒక 100 వాట్ల బల్బు పెడతారు, అంతే. దీని వెనక ఉన్న సైన్స్ నాకెంతో ఇష్టం. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం తక్కువ, నలభై ఓములు ఉంటుందేమో. తెల్లగా వెలిగేటప్పుడు అదే తీగ నిరోధం 529 ఓములు. యంత్రంలో అంతా బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. అంటే లోపలి కెపాసిటర్ నిండింది, ఇక కరెంటు కొద్దిగానే చాలు. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వెలిగి తనే అడ్డం నిలబడుతుంది. అర ఆంపియర్ కూడా దాటనివ్వదు. యంత్రం బతికిపోతుంది. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు, తీగ ఉన్న పాత బల్బే కావాలి. వైద్యానికి పనికొచ్చే వస్తువని ఇంట్లో రెండు మూడు దాచి పెట్టాను.

పవర్ సప్లైని బోర్డు నుంచి విడదీసి, బదులుగా కారు బల్బు లాంటి బరువేదైనా తగిలించి కొలిస్తే 5 వోల్టులు రావాలి. ఈ చిప్పులకి 4.75 నుంచి 5.25 దాకా సమ్మతం. 7 దాటితే చిప్పులు పోతాయి. అందుకే కొలవకుండా బోర్డుకి తగిలించను.

బోర్డు దగ్గరికొస్తే ముందు సాకెట్లు. చిప్ కాళ్ల మీదా, సాకెట్ రేకుల మీదా ఏళ్ల తరబడి పలచటి తుప్పు పొర పేరుకుంటుంది. చిప్‌ని రెండు చివర్ల నుంచీ కొద్దికొద్దిగా పైకి లేపి, మళ్లీ మెల్లగా నొక్కితే ఆ రాపిడికే పొర చెదిరిపోతుంది. చచ్చిపోయిందనుకున్న యంత్రం ఈ ఒక్క పనితో లేచి కూర్చున్న సందర్భాలు ఎన్నో. మురికి తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాను. చక్కెర ఫ్యాక్టరీల పక్కన మొలాసిస్ పులియబెట్టి తీసే స్పిరిట్ సరిపోదా అని ఈ చెరకు సీమలో ఎవరైనా అడుగుతారు. మామూలుగా ఎన్నిసార్లు కాచి ఆవిరి పట్టినా ఆ స్పిరిట్ సుమారు 95 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ నీళ్లూ, ఆల్కహాలూ ఉన్న పాళ్లలోనే కలిసి ఆవిరవుతాయి గనుక ఇంకా విడదీయడం కుదరదు. ఆ మిగిలిన నీళ్లు బోర్డు మీద ఆరడానికి సమయం పడుతుంది. దొరికితే 99 శాతం ఐసోప్రొపైలే మేలు.

కొన్ని చిప్పుల నడినెత్తిన కాగితం చీటీ అంటించి ఉంటుంది. దాన్ని పీకకండి! దాని కింద చిన్న గాజు కిటికీ ఉంది. ఈప్రోమ్ అంటారు. అందులో రాత అంటే ఎలక్ట్రాన్లని చిన్న చిన్న అరల్లో బంధించడమే. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ ఎలక్ట్రాన్లకి బలం వచ్చి తప్పించుకుంటాయి. నేరుగా ఎండలో ఒక వారం పెడితే చాలు, రాతంతా చెరిగిపోతుంది. ఆ చీటీ కిటికీకి తలుపు. ముందుగా ఆ రాతని ప్రోగ్రామర్ పరికరంతో చదివి ఇంకో చోట దాచుకోవడం నా అలవాటు.

ఇప్పుడు స్విచ్. బీబీసీ మైక్రో లేచేటప్పుడు రెండు చప్పుళ్లు చేస్తుంది. ముందు బొంగురుగా ఒకటి, వెంటనే సన్నగా ఒకటి. ఆ మొదటిది ఎవరూ రాసిపెట్టిన రాగం కాదు. కరెంటు తగలగానే సౌండ్ చిప్ తనంతట తానే మోగుతుంది. ప్రాసెసర్ నిద్రలేచి, రోమ్‌లోని ఆజ్ఞలు చదివి, సౌండ్ చిప్‌ని నోరు మూయించి, ఆపైన తాను లేచానని చెప్పే సన్నటి బీప్ వేస్తుంది. కాబట్టి బొంగురు చప్పుడు ఆగకుండా మోగుతూనే ఉంటే, ప్రాసెసర్ ఆ మెట్టు దాకా రాలేదని చెవులతోనే తెలిసిపోతుంది. అప్పుడు ప్రాసెసర్, రోమ్, ర్యామ్, మీటలనీ సౌండ్‌నీ చూసుకునే వయా చిప్ వీటి మధ్యే వెతకాలి. నా బల్ల మీది యంత్రం మొదట అలాగే మోగింది. రోమ్ చిప్‌ని లేపి నొక్కాక రెండో బీప్ వినిపించింది. మా మనుమరాలు గంతులేసింది.

తెర మీద మాత్రం అక్షరాలు కొన్ని చోట్ల తప్పుగా వచ్చాయి. ర్యామ్ అనుమానం. ఈ యంత్రంలో 16 ర్యామ్ చిప్పులున్నాయి. ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లోని విద్యుదావేశం. అది లీకవుతూ ఉంటుంది. కొన్ని మిల్లీసెకన్లకోసారి చదివి మళ్లీ నింపకపోతే యంత్రం తనకి తెలిసింది మరచిపోతుంది. ఇక్కడ ఈ యంత్రాన్ని తీర్చినవాళ్ల తెలివి చూడండి. తెర మీద బొమ్మ గీసే సర్క్యూట్ ఎలాగూ ర్యామ్‌ని అదే పనిగా చదువుతూనే ఉంటుంది. ఆ చదువుతోనే నింపే పని కూడా జరిగిపోయేలా అమర్చారు. అదనంగా చిప్పులు అక్కర్లేకపోయింది. తప్పుగా వచ్చిన ప్రతి అక్షరంలోనూ ఒకే బిట్టు తేడా ఉందని అక్షరాల సంఖ్యలు రాసుకుని చూస్తే తేలింది. అంటే ఆ బిట్టుని మోసే చిప్పే దోషి. పటంలో దాని చోటు చూసి, పాతదాన్ని ఊడదీసి, సాకెట్ పెట్టి, కొత్తది నొక్కాం.

“తాతా, ఇంత కష్టం ఎందుకు, కొత్తది కొనొచ్చు కదా?” అని అడిగింది పిల్ల.

“బిడ్డా, కొత్తది పాడైతే పారేస్తాం. ఇది పాడైతే ఎందుకు పాడైందో తెలుసుకుంటాం,” అన్నాను. ఆమెకి అప్పుడు మన హైదరాబాద్ సంగతి చెప్పాను, మీకూ చెప్తాను.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు నడిపించగా 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదిదే. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది, దాన్ని తయారుచేసింది ఈసీఐఎల్. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316. ఆ తొలి యంత్రాల్లో జ్ఞాపకమంటే ఫెర్రైట్‌తో చేసిన అతి చిన్న ఉంగరాలు, ఒక్కో ఉంగరంలోంచీ సన్నటి తీగలు దూర్చి అల్లినవి. ఉంగరం ఒకవైపు అయస్కాంతమైతే ఒకటి, రెండోవైపైతే సున్నా. కరెంటు పోయినా అయస్కాంతం పోదు గనుక అది మరచిపోదు. 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లినప్పుడు దేశమంతటా ఉన్న దాని యంత్రాలని చూసుకునే భారం, కంప్యూటర్ల మరమ్మతు కోసమే ప్రభుత్వం పెట్టిన సీఎంసీ మీద పడింది. దాని పేరులోనే మెయింటెనెన్స్ ఉండేది. ఒక దేశం కంప్యూటర్ల మరమ్మతుకే ఒక కార్పొరేషన్ పెట్టుకుందంటే, ఆనాటి వాళ్లు బాగుచేయడాన్ని ఎంత గొప్ప పనిగా చూశారో ఆలోచించండి. ఆ యంత్రాలు తెరిచి కూర్చున్న ఇంజినీర్లలో తెలుగువాళ్లు ఎందరో. ఇప్పుడు రిటైరై మన కాలనీల్లోనే ఉంటారు. వాళ్లని వెతికి, వాళ్లు చేసిన పనులు చెప్పించుకుని రాసుకోవాలి. ఈ పని ఆలస్యమవుతోందన్నదే నా బెంగ.

అలాంటి ఉంగరాల జ్ఞాపకమే చంద్రుడి దగ్గరికి వెళ్లిన అపోలో కంప్యూటర్లలోనూ ఉండేది. అలాంటి కంప్యూటర్ ఒకదాన్ని 1970లలో హ్యూస్టన్‌లో ఒకాయన తుక్కు సామానుతో పాటు కొన్నాడు. చంద్రుడి మీద మనిషి కాలు మోపి 50 ఏళ్లు నిండే వేళకి, 2019 నాటికి, కొందరు మిత్రులు తమ పరికరాలతో దాన్ని బతికించారు. వాళ్లూ ముందు స్విచ్ వేయలేదు. ఒక్కో మాడ్యూల్‌నీ విడిగా కొలిచి, లోపల తీగ తెగిన చోట్లు కనిపెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇచ్చారు.

మా యంత్రం సరిగ్గా లేచాక ప్రోగ్రాములు కావాలి కదా. ఆ రోజుల్లో అవి పాటల క్యాసెట్టు మీదే వచ్చేవి. ఒకటి అని చెప్పడానికి 2,400 హెర్ట్జ్ ధ్వని రెండు అలలు, సున్నాకి 1,200 హెర్ట్జ్ ఒక అల. చెవికి కీచుమనే రొద, యంత్రానికి అది పాఠం. సెకనుకి సుమారు 120 బైట్లు, పది కిలోబైట్ల ప్రోగ్రాం ఎక్కడానికి నిమిషంన్నర దాటుతుంది. ఇప్పుడు మా టేపు రికార్డర్ బెల్టు సాగిపోయింది. అయితేనేం? ఆ ధ్వని ఏ పెట్టెలోంచి వచ్చినా యంత్రానికి ఒకటే. మనుమరాలి ఫోన్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక తీగ లాగి బీబీసీ మైక్రోకి తగిలించాం. ఫోన్‌లో ఆ శబ్దం నడిచింది, ఇటు ప్రోగ్రాం ఎక్కింది. పుట్టిన కాలాలు వేరైన రెండు యంత్రాలు ఒకే భాషలో మాట్లాడుకోవడం చూసి ఆ పిల్ల చాలాసేపు ప్రశ్నలడిగింది.

తర్వాత తనే బేసిక్‌లో ఒక ప్రోగ్రాం రాసింది. బోధన్ దగ్గర మా చుట్టాల చెరకు లెక్క. చెరకు బరువు, రికవరీ శాతం అడిగి, ఎంత చక్కెర వస్తుందో చెప్తుంది. 40 టన్నులకి 10 శాతం రికవరీ అంటే 4 టన్నులు. నోటితో చెప్పేయగల లెక్కే. కానీ రికవరీ 9.6, 10.3 అంటూ మారుతుంటే మీటలు నొక్కి చూస్తూ, ఒక్క శాతం తేడా రైతుకీ మిల్లుకీ ఎంతో తనే కనిపెట్టింది.

పెట్టె ప్లాస్టిక్ పసుపుగా మారింది. ఎండలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి తెల్లబరిచే పద్ధతి ఉంది. కొన్నాళ్లకి పసుపు మళ్లీ వస్తుంది, ప్లాస్టిక్ పెళుసవుతుందన్న భయమూ ఉంది. నేనైతే సబ్బునీళ్లతో కడిగి ఊరుకున్నాను.

మీ బడి స్టోర్ రూములోనో, మీ నాన్నగారి ఆఫీసులోనో ఇలాంటి యంత్రం కనిపిస్తే తుక్కుకి వేయనివ్వకండి. 286, 386 కాలం నాటి పీసీ అయితే బోర్డు మీద గుండ్రటి నీలం బ్యాటరీ ఉందేమో మొదట చూడండి. అది కారితే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం రాగి తీగలని తినేస్తుంది. పెద్దవాళ్ల చేత దాన్ని కత్తిరించి తీయించండి. కారిన చోట కొంచెం వెనిగర్ అద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాలి. చింతపండు పులుసు వాడొద్దు. దాంట్లోని చక్కెరా, ఉప్పూ బోర్డు మీద మిగిలి తేమని పట్టుకుంటాయి. సోల్డర్‌లో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు కడుక్కున్నాకే అన్నం దగ్గరికి వెళ్లాలి. ఇక యంత్రంతో పాటు దొరికిన క్యాసెట్లు, ఫ్లాపీలు, చేతిరాత కాగితాలు, మాన్యువల్ అన్నీ అదే పెట్టెలో ఉంచండి. సర్క్యూట్ పటం ఉన్న బోర్డుకీ లేని బోర్డుకీ వైద్యంలో చాలా తేడా ఉంది.